చెత్త రంగు కోళ్ళు

మార్చి రెండో సోమవారం తెల్లవారేసరికి మా మామగారి షెడ్డులో ఒక్క కోడీ బతికి లేదు. ముందురోజు నీళ్ళ పైపులవాళ్ళు ప్రహరీ పక్కన కాలవ తవ్వి, పూడ్చకుండా వెళ్ళిపోయారు. వీధికుక్కలు ఆ కాలవలోంచి వల కిందుగా దూరాయి. ఫ్యాన్ల చప్పుడులో ఇంట్లో ఎవరికీ వినపడలేదు.

కుక్కలు ఆకలితో వచ్చినట్టు లేదు. ఒకదాన్ని కొరికి పడేసి ఇంకోదాని మీదికి వెళ్ళాయి. మామయ్య కోళ్ళకి నెత్తిన ఈకల కుచ్చు ఉంటుంది. అది పెరిగి కళ్ళ మీదికి పడుతుంది. కుచ్చు ఎంత పెద్దదైతే అంత మేలుజాతి అని ముప్పై ఏళ్ళుగా పెద్ద కుచ్చున్నవాటినే ఏరి పెంచారాయన. కుక్క మీద పడేదాకా వాటికి కనపడి ఉండదు.

నేను వెళ్ళేసరికి ఆయన షెడ్డు మధ్యలో గోనెసంచి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అల్లుడూ, పార ఎక్కడుంది?"

"తెస్తాను మామయ్యా."

"గొయ్యి లోతుగా తియ్యి. మళ్ళీ తవ్వుతాయి."

గోడవార తీశాను. చచ్చిన కోడిని ఎవరైనా కాళ్ళు పట్టుకుని తెస్తారు. ఆయన ఒక్కోదాన్నీ రెండు చేతులా ఎత్తి తెచ్చారు. చివర్లో పెద్ద పుంజు. దాని కుచ్చుని వేలితో పక్కకి సర్ది, కళ్ళు బయటికి కనపడ్డాక, "ఇంక మట్టి తొయ్యి," అన్నారు.

నేను ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. నేను పనిచేసే షాపు జనవరిలో మూతపడింది. ఇంకోటి దొరికేదాకా పుట్టింట్లో ఉందాం అంది మా ఆవిడ. అలా ఆ సీజనంతా మేం అక్కడే ఉన్నాం.

మామయ్య టైల్స్ ఫ్యాక్టరీలో ఏరే పని చేసి రిటైరయ్యారు. బెల్టు మీద టైల్ వస్తుంది, మచ్చ ఉంటే పక్కకి తోసెయ్యాలి. కోళ్ళ దగ్గరా ఆయనది అదే పద్ధతి. ఈ జాతికి బూడిద రంగే అసలు రంగు అంటారు. కానీ బూడిద పుంజునీ బూడిద పెట్టనీ కలిపినా పిల్లల్లో సగమే బూడిదవి వస్తాయి. మిగతావాటిలో కొన్ని నల్లవి, కొన్ని నల్లచుక్కల తెల్లవి. పిల్లల ఒళ్ళు ఆరగానే ఆయన కూర్చుని ఏరేవారు. బూడిదవి బుట్టలోకి, మిగతావి అట్టపెట్టెలోకి. ఆ మిగతావాటికి ఆయన పెట్టిన పేరు చెత్త రంగు. అట్టపెట్టెని అత్తయ్య చేతికిచ్చి "బయటికి" అనేవారు. కోసుకునేవాళ్ళకి అని అర్థం. వెళ్ళాయో లేదో ఏనాడూ అడిగి ఎరగరు.

ఫిబ్రవరిలో పశువుల ఆఫీసు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. అంతరించిపోతున్న జాతుల జాబితా తయారుచెయ్యడం ఆమె పని. కోడిని పట్టుకోవడం సరిగా రాదు. ఆమె చేతిలోంచి పెట్ట రెండుసార్లు ఎగిరిపోయింది. కానీ ఈ కుచ్చూ, కాళ్ళకి అయిదేసి వేళ్ళూ, ఈ రంగూ కలిసి ఉన్న కోళ్ళు ఇంకెక్కడా మిగల్లేదని చెప్పింది ఆమే. ఆగస్టులో మళ్ళీ వస్తానంది. ఈ ఏడాది పుట్టిన బూడిద పిల్లలు ఇరవై చూపిస్తే జాతి జాబితాకి ఎక్కుతుంది. లేకపోతే అంతరించిందని రాసేస్తారు.

వెళ్ళేముందు ఆమె ఇంకో మాట అంది. "సార్, నల్లదాన్నీ తెల్లదాన్నీ కలిపి చూశారా ఎప్పుడైనా? పిల్లలన్నీ బూడిదవే రావాలి."

ఆమె గేటు దాటాక మామయ్య నవ్వారు. "చెత్తా చెత్తా కలిపితే బంగారం వస్తుందట అల్లుడూ. కోడిగుడ్డు మీద ఈకలు పీకే చదువంటే ఇదే."

నవ్వి నెల తిరక్కుండానే షెడ్డు ఖాళీ అయింది.

ఆ సోమవారం మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరం సరిగా తినలేదు. మామయ్య చెయ్యి కడుక్కొచ్చి మా ఆవిడతో అన్నారు.

"ఆ డాక్టరమ్మకి ఫోన్ చేసి రావద్దని చెప్పు."

"ఇప్పుడే ఎందుకు నాన్నా? ఆగస్టు దాకా ఉందిగా."

"ఆగస్టుకి గోతిలోంచి మొలుస్తాయా?"

అత్తయ్య గిన్నెలు తీస్తూ, "తెల్లవి ఉన్నాయి," అంది.

"ఏ తెల్లవి?"

"మీరు బయటికన్నవి."

"బయటికి పంపమంటే..."

"బయటికే పంపాను. ఎంత బయటికో మీరు చెప్పలేదుగా."

మా ఆవిడ నీళ్ళ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య కుర్చీలో కూర్చున్నారు.

"నల్లవో?"

"నల్లవి మా మరిది తీసుకెళ్ళేవాడు," అని అత్తయ్య గిన్నెలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అత్తయ్య ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. లాండ్రీ వెనక దుప్పట్లు ఆరేసే ఖాళీస్థలం ఉంది. సాయంత్రం అత్తయ్యతో పాటు నన్నూ వెంటబెట్టుకుని మామయ్య అక్కడికి వెళ్ళారు. తాళ్ళ మీద తెల్ల దుప్పట్లు, వాటి నీడలో తెల్ల పెట్టలు. దగ్గరికి వెళ్తేగానీ ఏది ఏదో తెలియలేదు. మామయ్య ఒకదాన్ని పట్టుకుని, తిరగేసి, కాలివేళ్ళు లెక్కపెట్టారు. అయిదు. రెండోదాన్ని పట్టుకున్నారు. దానికీ అయిదే.

"ఇది మన గునగున నడిచే పెట్ట కూతురు," అన్నారు. "నడకలో అదే వంకర."

"బాగున్నాయి కదా," అంది అత్తయ్య.

"రంగు చెత్తే," అన్నారు. కానీ పెట్టని కింద పెట్టలేదు.

ఆ తర్వాతి వారంలో ఆయన కాలవ తనే పూడ్చారు. వల కింద సిమెంటు దిమ్మలు పాతారు. నేను వసారాలో పడి ఉన్న పాడైపోయిన ఫ్రిజ్ విప్పి, మోటారు తీసేసి, లోపల బల్బులూ, చిన్న ఫ్యానూ, వేడి చూసి ఆగే స్విచ్చీ బిగించాను. ఫ్రిజ్ గోడలు చలినెలా ఆపుతాయో వేడినీ అలాగే ఆపుతాయి. గుడ్లు పొదిగించడానికి అంతకన్నా మంచి పెట్టె దొరకదు.

ఆయన వచ్చి చూశారు. "చల్లబెట్టే డబ్బాలో కోడిపిల్లలని పుట్టిస్తావా?"

"గుడ్లుంటే పుట్టిస్తాను మామయ్యా."

"గుడ్లున్నాయి. పుంజు లేదు."

"ఉందిగా, చిన్నమామయ్య దగ్గర."

నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళారు.

అన్నదమ్ములకి ఎందుకు మాటల్లేవో రాత్రి మా ఆవిడ చెప్పింది. ఈ కోళ్ళు మొదట అన్నదమ్ములిద్దరివీ. ఒక ఏడాది ఒక నల్ల పిల్లని తమ్ముడు చేతిలో పెట్టుకుని పెంచాడు. అది ఈల వేస్తే వచ్చేది. పుంజయ్యాక అన్న దాన్ని కోసుకునేవాళ్ళకి ఇచ్చేశాడు. పద్ధతి పద్ధతే అన్నాడు. తమ్ముడు ఆ వారంలోనే వేరే ఇల్లు చూసుకున్నాడు. "కోడిపుంజు కోసం విడిపోయారంటే జనం నవ్వుతారని ఆస్తి తగాదా అని చెప్పుకున్నారు," అంది. "ఆస్తేం లేదు. అప్పట్లో ఉన్నవి ఆ కోళ్ళే."

మర్నాడు పొద్దున మామయ్య చొక్కా వేసుకుని బయటికి వచ్చారు. "అల్లుడూ, స్కూటర్లో పెట్రోలుందా?"

చిన్నమామయ్య లారీలకి రంగులు వేస్తారు. ఆయన షెడ్డు పెద్దరోడ్డు పక్కన. మేం వెళ్ళేసరికి ఒక లారీ తలుపు మీద పసుపు గీత గీస్తున్నారు. గీత చివరిదాకా వెళ్ళేవరకూ తిరగలేదు. తిరిగి, నన్ను చూసి, నా వెనక అన్నగారిని చూసి, బ్రష్ డబ్బాలో పెట్టారు.

"అల్లుడూ, కుర్చీ ఒకటే ఉంది. మీ మామయ్యని కూర్చోమను."

"నిలబడతానని చెప్పు," అన్నారు మామయ్య.

ఇద్దరికీ మధ్య లారీ టైరంత దూరం ఉంది.

"ఏం పని మీద వచ్చారో అడుగు."

"పుంజు కావాలని చెప్పు. ఈ సీజన్ వరకే. తిరిగిస్తాను."

"నా దగ్గర నల్లవే ఉన్నాయని చెప్పు. అది చెత్త రంగని ఎవరో అనగా విన్నాను."

నేను ఒక్క మాటా ఎవరికీ చేరవెయ్యలేదు. వాళ్ళకి వాళ్ళే విన్నారు.

చిన్నమామయ్య ఈల వేశారు. లారీ కిందనుంచి ఒక పుంజు వచ్చింది. నల్లది, ఎండలో పచ్చగా మెరిసింది. కాళ్ళకి అయిదేసి వేళ్ళు. నెత్తిన కుచ్చు ఉంది, కానీ కళ్ళకి అడ్డం పడే ఈకలు కత్తిరించి ఉన్నాయి.

"కుచ్చు కత్తిరించావా?" అన్నారు మామయ్య. ఆ మాట నాతో అనలేదు.

"ఇది లారీల మధ్య తిరుగుతుంది. కళ్ళు కనపడొద్దూ?"

మామయ్య పుంజుని చూస్తూ నిలబడ్డారు. కుక్కల సంగతి అత్తయ్య అప్పటికే మరిదికి చెప్పి ఉంటుంది. చిన్నమామయ్య ఆ ఊసు ఎత్తలేదు. గుడ్డతో చేతుల రంగు తుడుచుకున్నారు.

"పుంజుని ఇస్తాను. ఒకటే షరతు. దీని పిల్లలు ఏ రంగువి పుట్టినా కత్తికి వెళ్ళకూడదు. నల్లది పుట్టినా సరే, గళ్ళది పుట్టినా సరే."

లారీ మీద పసుపు గీత కిందికి కారడం మొదలుపెట్టింది. చిన్నమామయ్య వేలితో తుడిచారు.

"సరే," అన్నారు మామయ్య.

దారిలో పుంజు బుట్టని ఆయన ఒళ్ళో పెట్టుకున్నారు.

తెల్ల పెట్టలని లాండ్రీ నుంచి షెడ్డుకి తెచ్చాం. అవి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. నేను ఫ్రిజ్ తలుపు తీశాను. మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు.

"లాండ్రీ వెనక సందులో ఏ పుంజులు తిరుగుతాయో నీకు తెలుసా?"

"తెలీదు."

"పెట్ట కడుపులో పాత పుంజు బీజం మూడు వారాలు నిలుస్తుంది. ఈ గుడ్లలో ఉన్నది సందు పుంజు సంతానం."

మూడు వారాల గుడ్లు ఇంట్లోనే తిన్నాం. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం గుడ్డు. "ఇంకో వారమైతే నేనే కూసేట్టున్నాను," అంది మా ఆవిడ. మామయ్య నవ్వలేదు. ఈ జాతి పెట్టలు ఏడాదిలో మూడు నెలలే గుడ్లు పెడతాయి. ఎండ ముదిరితే ఆపేస్తాయి. ఏప్రిల్ సగానికి వచ్చింది. ఆయన రోజూ షెడ్డు కప్పు మీద తడి గోనెలు పరిచేవారు. అత్తయ్య లాండ్రీలో చిరిగి పక్కన పెట్టిన దుప్పట్లు అడిగి తెచ్చి చుట్టూ కట్టింది.

ఏప్రిల్ చివర్లో గుడ్లు దాచడం మొదలుపెట్టాం. మే నెల రాగానే పెట్టలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. మొత్తం ముప్పై నాలుగు గుడ్లు ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి. వారం తర్వాత ఒక్కో గుడ్డునీ టార్చిలైటు మీద పెట్టి చూశాం. లోపల ఎర్ర నరాలు కనపడితే ఉంచడం, కనపడకపోతే తీసెయ్యడం. ఎనిమిది తీసేశాం. మిగిలినవి ఇరవై ఆరు. అన్నీ పగిలినా, అన్నీ బూడిదవైనా, ఆరు మాత్రమే ఎక్కువ. వెనకటి లెక్కన సగమే బూడిదవైతే పదమూడు.

కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ వేడినీళ్ళ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు మీద దుప్పట్లు కప్పాం.

ఇరవై ఒకటో రోజు పొద్దున గుడ్లు పగలడం మొదలైంది. తడి పిల్ల ఏ రంగుదైనా ఒకేలా ఉంటుంది. ఆరేదాకా చెప్పలేం. మామయ్య ఫ్రిజ్ ముందు స్టూలు వేసుకున్నారు. కుడి పక్క బుట్ట పెట్టారు. ఎడమ పక్క అట్టపెట్టె పెట్టారు. ఇన్నేళ్ళూ అలాగే పెట్టేవారు. అత్తయ్య ఆ పెట్టెని చూసి, ఆయన్ని చూసింది.

"మాటిచ్చారట."

"గుర్తుంది. అలవాటు."

మొదటి పిల్ల ఆరింది. ఆయన అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. వెనక్కి వచ్చి బుట్టలో పెట్టారు. రెండోదాన్నీ తీసుకెళ్ళారు. బుట్టలోనే పెట్టారు. అయిదో పిల్ల తర్వాత కిటికీ దాకా వెళ్ళడం మానేశారు. పదో పిల్ల దగ్గర మా ఆవిడ "నాన్నా," అంది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

మధ్యాహ్నానికి బుట్టలో ఇరవై రెండు పిల్లలున్నాయి. అన్నీ బూడిద రంగువే. మూడు గుడ్లు పగల్లేదు. ఒక గుడ్డు అంచు చిట్లి ఆగిపోయింది.

"పెట్టె తీసెయ్యనా?" అంది అత్తయ్య.

"అదొకటి రానీ."

సాయంత్రం వచ్చింది. అదీ బూడిదే. మామయ్య దాన్ని బుట్టలో పెట్టి, స్టూలు మీదనుంచి లేచి, అట్టపెట్టెని విప్పి నాలుగు మడతలు పెట్టి వంటింటి అటక మీద దోపారు.

అత్తయ్య మరిదికి ఫోన్ చేసింది. "మరిదీ, నీ పుంజు ఒక్క నల్లదాన్నీ పుట్టించలేదు."

ఆయన గొంతు మాకూ వినపడింది. "అది మా అన్నయ్య పోలిక వదినా. తన ఒంటి రంగు తనకే నచ్చదు."

ఆ రోజు నుంచి మామయ్య పుంజుకి గింజలు అత్తయ్యని వెయ్యనివ్వలేదు. తనే వేశారు. షెడ్డు తలుపు సాయంత్రం తనే వేసి, గొళ్ళెం రెండుసార్లు లాగి చూసేవారు.

రెండు పిల్లలు జూన్‌లో చనిపోయాయి. ఇరవై ఒకటి మిగిలాయి.

డాక్టరమ్మ ఆగస్టు మొదటి వారంలో వచ్చింది. కుక్కల సంగతి గేటు దగ్గరే తెలిసింది. ఆమె షెడ్డులోకి వెళ్ళి కోళ్ళని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఒకదాన్ని ఎత్తుకుంది. ఈసారి ఎగరలేదు.

"వీటి కుచ్చులు కత్తిరించారేం?"

"కళ్ళు కనపడొద్దూ?" అన్నారు మామయ్య.

"తల్లిదండ్రులేవి?"

ఆయన నల్లపుంజునీ తెల్లపెట్టలనీ చూపించారు. ఆమె నావైపు చూసింది. నేను వల వైపు చూశాను.

"నేను చెప్పినట్టే చేశారన్నమాట," అంది.

"చెప్పినట్టు చెయ్యలేదమ్మా. దిక్కులేక చేశాం."

ఆమె నవ్వి ఫైలు తీసింది. వచ్చే ఏడాది ఈ బూడిదవాటినే కలిపితే మళ్ళీ నల్లవీ తెల్లవీ వస్తాయనీ, అన్నీ బూడిదవే కావాలంటే ఆ రెండు రంగులూ విడిగా నిలవాలనీ చెప్పింది. మామయ్య తలూపారు.

"జాతి రంగు ఏమని రాయను? బూడిదేనా?"

"మూడు రాయండి."

"మూడూనా?"

"బూడిద, నలుపు, తెలుపు. పెంచినవాళ్ళ పేర్లు కూడా మూడు రాయండి."

ఆయన తన పేరు చెప్పారు. తమ్ముడి పేరు చెప్పారు. మూడోది చెప్పేసరికి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"నా పేరెందుకు మధ్యలో?"

"తెల్లవాటిని ఎవరు దాచారు?"

"దాచలేదు. బయటికి పంపాను."

"అదే రాయండి," అన్నారు డాక్టరమ్మతో.

డాక్టరమ్మ ఆ మాట వదిలేసి మూడో పేరు రాసుకుంది.

ఆ ఆదివారం పుంజుని తిరిగి ఇవ్వాలన్నారు మామయ్య. నేను స్కూటర్ తాళం తీశాను. వద్దన్నారు. బుట్ట పట్టుకుని బస్సెక్కారు. పుంజుతో పాటు బుట్టలో ఒక బూడిద పెట్ట కూడా ఉందని షెడ్డులో లెక్కపెట్టాక మాకు తెలిసింది.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. చీకటి పడేవేళకీ రాలేదు. అత్తయ్య ఫోన్ చేసింది. చిన్నమామయ్య ఎత్తారు.

"ఉన్నాడు వదినా. అన్నం తిని పడుకున్నాడు. లేపనా?"

"వద్దులే," అంది అత్తయ్య.

ఆ రోజు షెడ్డు తలుపు ఆమే వేసింది. గొళ్ళెం రెండుసార్లు లాగి చూసింది.